కోడ్ రాసేవాళ్ళకు కితాబు ఎందుకు?

సాఫ్ట్‌వేర్ నౌకరీల్లో ఉన్న మన పిల్లల్ని అడిగి చూడండి, గత రెండేళ్ళలో తమ పనికి సంబంధించిన ఒక్క కితాబైనా పైసలు పెట్టి కొన్నారా అని. చాలామంది నవ్వేస్తారు. "కితాబాఁ కౌన్ ఖరీద్తే మామూ అబ్?" అన్నాడు మా భాంజా. గచ్చిబౌలిలో పనిచేస్తాడు. తొమ్మిదేళ్ళ తజ్రుబా ఉంది కాబట్టి అతని మాటను తీసిపారేయలేం.

నేను సహాఫీని. కోడ్ రాయడం నాకు రాదు. కాని మా ఖాందాన్‌లో, మా మొహల్లాలో కలిపి పది పన్నెండు మంది ఈ హునర్ మీదే బతుకుతున్నారు. ఇంకో ఇరవై మంది ఆ దారిలో చదువుకుంటున్నారు. వాళ్ళ అబ్బాలు దర్జీలు, మెకానిక్‌లు, పండ్ల బండి వాళ్ళు. కొడుకు వెయ్యి రూపాయల కితాబు కావాలంటే ఆ ఇంట్లో అదొక పెద్ద ఫైసలా. నాలుగు అక్షరాలు రాసేవాడిని కదా అని నన్ను అడుగుతారు, "భాయ్, ఇది జరూరతా, ఉత్త షౌకా?" అని. ఆ జవాబు కోసమే ఈ బహస్ పిల్లలతో చాలాసార్లు నడిపాను. నా ఖయాల్ ముందే చెప్పేస్తాను. కొనాలి. కాని తక్కువ కొనాలి, పాతబడనివి కొనాలి. దుకాణాల్లో వరుసగా నిలబెట్టిన లావుపాటి కంప్యూటర్ కితాబుల్లో చాలావాటికి మీ కష్టార్జితం దక్కాల్సిన పనిలేదు.

ముందు భాంజా తరఫున వకాలత్ చేస్తాను. సగం వరకు హక్ అతని వైపే ఉంది. గూగుల్ వాళ్ళు 2010లో యాంగ్యులర్‌జేఎస్ అని వెబ్‌సైట్లు కట్టుకునే సరంజామా ఒకటి తెచ్చారు. దాని మీద కితాబులు కుప్పలుగా వచ్చాయి. 2016లో దాదాపు అదే పేరుతో పూర్తిగా కొత్తది రాసి వదిలారు. పాతది నేర్చుకున్నవాడు మళ్ళీ అలిఫ్ బే నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 2021 ఆఖరుకు పాతదాన్ని పట్టించుకోవడం కూడా మానేశారు. ఇక ఆ కితాబులతో ఏం చేసుకోవాలి? పైథాన్‌దీ ఇలాంటి కథే. 2008లో మూడో వర్షన్ వచ్చింది, 2020 జనవరి 1తో రెండోదాని ఆయుష్షు తీరింది. రెండో వర్షన్ కితాబు వంద రూపాయలకే వచ్చినా ఆ వంద దండగే.

పైగా ఇవాళ ఏ సరంజామా తయారుచేసినవాళ్ళయినా దాన్ని ఎలా వాడాలో తమ సైట్‌లోనే ముఫ్త్‌గా పెడుతున్నారు, ఎప్పటికప్పుడు తాజా చేస్తున్నారు. 2008 నుంచి స్టాక్ ఓవర్‌ఫ్లో ఉంది, ఒకడు సవాల్ వేస్తే పదిమంది జవాబిస్తారు. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ పదిమంది కోసం ఎదురుచూసే పని కూడా తప్పింది. ఎర్రర్‌ను కాపీ చేసి అతికిస్తే జవాబు వస్తుంది. కావాలంటే తెలుగులో, ఉర్దూలో కూడా చెబుతుంది. ఎనిమిది వందల సఫాలు తిప్పి అదే జవాబు వెతుక్కునే సబ్ర్ ఎవరికుంది?

అందుకని "ఫలానాది ఎలా చేయాలి" అన్న సవాల్ కోసం కితాబు కొనడం ఇవాళ్టి రోజుల్లో అనవసరం. ఆ జాతి కితాబులు మా అఖ్బార్ లాంటివి. పొద్దున వేడివేడిగా ఉంటుంది, సాయంత్రానికి మిర్చీలు కట్టుకోవడానికి పోతుంది. మా పేశా గురించి మేమే అనుకోకపోతే ఇంకెవరంటారు!

కాని అన్ని కితాబులూ అఖ్బార్లు కావు. బహస్‌లో మా భాంజాతో నాకు పేచీ వచ్చేది ఇక్కడే.

సి లాంగ్వేజ్ మీద కెర్నిహాన్, రిచీ రాసిన కితాబు 1978లో వచ్చింది. ఆ భాషను తయారుచేసింది రిచీయే. 1988లో రెండో ఎడిషన్ వేశారు. మొత్తం కలిపి 270 సఫాల చిల్లర. అంతకు మించి లావెక్కలేదు, ఇవాళ్టికీ అచ్చులోనే ఉంది. ఎడ్గార్ కాడ్ అనే ఆయన డేటాను పట్టికలుగా పేర్చుకునే పద్ధతి చెప్పింది 1970లో. మీ బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు, రైలు టికెట్ లాంటివాటి లెక్కలు ఇప్పటికీ ఎక్కువగా ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. దాన్ని అసలునుంచి చెప్పే మంచి కితాబు ఒకటి కొంటే పదేళ్ళు పనిచేస్తుంది. ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే ఆయన ఐబీఎంలో ఒక బ్రహ్మాండమైన ప్రాజెక్టు నడిపి, అందులో తిన్న ఎదురుదెబ్బల్ని 1975లో కితాబుగా రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనిలో ఇంకా మనుషుల్ని దించితే అది మరింత ఆలస్యమవుతుందన్నది అందులోని మశ్హూర్ మాట. ఈ సంగతి చెబితే భాంజా గట్టిగా నవ్వాడు. వాళ్ళ మేనేజర్ టేబుల్ మీద ఒక కాపీ పెడితే బాగుంటుందన్నాడు. యాభై ఏళ్ళ కిందటి కితాబు అని అప్పుడు గుర్తురాలేదు అతనికి.

కొత్తవాటిలోనూ ఉన్నాయి. మార్టిన్ క్లెప్‌మన్ 2017లో రాసిన 'డిజైనింగ్ డేటా ఇంటెన్సివ్ అప్లికేషన్స్' పేరు ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. దాన్ని వేసిన ఒరైలీ వాళ్ళకు అట్ట మీద జంతువు బొమ్మ వేయడం రివాజు. దీని మీద పడింది అడవి పంది, అదీ మన హిందుస్తానీ జాతిది! మా భాంజా స్నేహితుడొకడు అది కొని ఇంటికి తెస్తే, వాళ్ళ దాదీ చూసి "యే క్యా ఉఠా లాయారే ఘర్ కూ" అని గొడవ చేసిందట. మర్నాటికల్లా దానికి స్కూలు కితాబుల్లాగా ఖాకీ కాగితం అట్ట వచ్చింది. ఆ అట్టతోనే నలుగురి చేతులు మారింది.

ఆ కితాబు నాకెందుకు గుర్తుందంటే, మా మొహల్లాలో ఒక అబ్బాయి తంటా వల్ల. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. మన ఆడవాళ్ళు వేసుకునే బీసీలు, అదే చిట్టీలు, వాటి లెక్కలకు ఫోన్‌లో ఒక యాప్ చేశాడు. బాగానే చేశాడు. కాని అప్పుడప్పుడు లెక్క తప్పేది. 5,000 ఉన్న చోట ఇద్దరు చెరో 500 వేస్తే 6,000 కావాలి, ఒక్కోసారి 5,500 చూపించేది. ఏఐని అడిగాడు, లెక్క ఎందుకు తప్పుతోందని. అది ఒక మరమ్మతు చెప్పింది. వారం బాగుంది, మళ్ళీ తప్పింది. ఇంకో మరమ్మతు చెప్పింది. ఇలా నెల గడిచింది. అసలు మర్జ్ ఏమిటంటే, ఇద్దరూ ఒకే క్షణంలో నొక్కితే ఇద్దరి ఫోన్లూ పాత 5,000నే చదువుకుని, దానికి చెరో 500 కలిపి, ఎవరికి వాళ్ళు 5,500 అని రాసేస్తున్నాయి. రెండో రాత మొదటిదాన్ని మింగేస్తోంది. ఇది డేటాబేసుల్లో ఎప్పటినుంచో ఉన్న మర్జ్. దానికో పేరుంది, మందుంది. ఆ ఖాకీ అట్ట కితాబులో దీని మీద ఒక బాబ్ మొత్తం ఉంది. ఎవరో ఆ బాబ్ చదవమని చేతిలో పెడితే, అబ్బాయి రెండు రోజుల్లో యాప్ సరిచేసుకున్నాడు.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే, ఆ పేరు తెలిసి అడిగి ఉంటే ఏఐ కూడా అరనిమిషంలో సరైన జవాబే ఇచ్చేది. దానికి ఇల్మ్ లేక కాదు. అబ్బాయికి సవాల్ తెలియలేదు. జవాబులు ముఫ్త్ అయిపోయిన జమానాలో పిల్లలకు కరువైంది సవాళ్ళే. మనకు తెలియదని కూడా తెలియని విషయాన్ని ఎలా అడుగుతాం? కితాబు రాసినాయన ఆ పని మన తరఫున చేసిపెడతాడు. ముందు ఇది, దాని తర్వాత ఇది, ఇది అర్థం కాకుండా అక్కడికి పోకు అని ఒక తర్తీబ్‌లో కూర్చోబెడతాడు. నేను పైసలు ఇచ్చేది ఆ తర్తీబ్‌కే. లోపలి సమాచారం బయట ఎక్కడైనా దొరుకుతుంది.

దీనికి భాంజా దగ్గర దలీల్ ఉంది. "ఏఐని అడిగితే సిలబస్ కూడా వేసిస్తుంది మామూ, రోజుకో పాఠం చెబుతుంది" అంటాడు. నిజమే, చూశాను. తొమ్మిదేళ్ళు పనిచేసినవాడికి అది మంచి నౌకర్. వేసిన సిలబస్‌లో ఏది తేడాగా ఉందో అతను పసిగట్టగలడు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి ఆ తమీజ్ ఇంకా రాలేదు. వాడు అడ్డంగా అడిగితే అదీ అడ్డంగానే పోతుంది. వాడు విసుక్కుంటే మెత్తబడి పాఠం తగ్గిస్తుంది. కితాబు మెత్తబడదు. మూడో బాబ్ అర్థం కాకపోతే అక్కడే గోడలా నిలబడుతుంది. పాతకాలపు ఉస్తాద్‌ల ధోరణి అది.

జిమ్మేదారీ సంగతి కూడా చూడాలి. డోనల్డ్ నూత్ అని అమెరికాలో ఒక పెద్దాయన ఉన్నాడు. 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' అన్న తన కితాబు మొదటి భాగాన్ని 1968లో తెచ్చాడు, మిగతావి ఇంకా రాస్తూనే ఉన్నాడు. అందులో గలతీ ఎవరైనా మొదటిసారి పట్టి చూపిస్తే 2.56 డాలర్లు ఇనామ్ ఇస్తానన్నాడు, 2008 దాకా ఆ పైసలు ఇచ్చాడు కూడా. 256 కంప్యూటర్ వాళ్ళకు ముద్దొచ్చే అంకె, అదొక సరదా. కాని సరదా వెనక ఉన్నదేమిటో మనవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. మాట ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు అని సనద్ అడిగే తహ్జీబ్ మనది. కితాబు మీద ఒక మనిషి పేరుంటుంది, ఎడిషన్ ఉంటుంది, తప్పు దొరికితే నిలదీయడానికి ఒక చిరునామా ఉంటుంది. ఏఐ ధీమాగా తప్పు చెబితే ఎవరి గల్లా పట్టుకుంటారు?

ఇక మన పిల్లలకే ఉన్న ఇంకో ముష్కిల్ ఉంది, జబాన్. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ముసల్లస్ అని నేర్చుకున్నది కాలేజీకొచ్చేసరికి త్రిభుజం అయింది. ఆద్-ఎ-ఆజమ్ వెళ్ళి గ.సా.భా. అయింది. ఇప్పుడు మా పిల్లలు ఆ రెండూ కాకుండా హెచ్‌సీఎఫ్ అంటున్నారు. (నూత్ కితాబులో మొట్టమొదటి అల్గారిదమ్ ఈ ఆద్-ఎ-ఆజమ్ కనుక్కోవడమే. అల్గారిదమ్ అన్న మాట అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చిందని మన జల్సాల్లో ప్రతి వక్తా ఛాతీ విరుచుకుంటాడు. ఆ తర్వాత ఒక్క పిల్లాడికి ఒక్క లెక్కల కితాబు కొనిచ్చిన జల్సా మాత్రం నేను చూడలేదు.)

వందేళ్ళ కిందట ఈ హైదరాబాద్‌లోనే ఇదే ఫిక్ర్‌తో ఒక పెద్ద పని జరిగింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలైంది. దానికి కితాబులు కావాలని అంతకు ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టారు. లెక్కలు, భౌతికశాస్త్రం, ఖానూన్, ఇంజనీరింగ్, వైద్యం, అన్నిటికీ ఉర్దూలో ఇస్తిలాహాత్ పుట్టించి కితాబులు వేశారు. చదివేవాడి జబాన్‌లో కితాబు ఉండాలని ఒక రియాసత్ ఖర్చు పెట్టింది. ఆ జమానా గడిచిపోయింది. ఇవాళ సాఫ్ట్‌వేర్‌కు పనికొచ్చే గట్టి కితాబులు దాదాపు అన్నీ అంగ్రేజీలోనే ఉన్నాయి. ఉర్దూ మీడియం నుంచో తెలుగు మీడియం నుంచో వచ్చిన పిల్లాడికి అంగ్రేజీ మూడో జబాన్. వాడు నెమ్మదిగానే చదువుతాడు, ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదువుతాడు. వీడియో వాడి కోసం ఆగదు, వాడే పదేపదే ఆపుకోవాలి. ఫోన్‌లో అయితే సగం సఫా చదివేలోపు నాలుగు మెసేజ్‌లు వస్తాయి. కాగితం ఒక్కటే వాడి నెమ్మదితనాన్ని ఎగతాళి చేయకుండా కూర్చుంటుంది. హాషియాలో పెన్సిల్‌తో ఉర్దూలోనో తెలుగులోనో అర్థం రాసుకోవచ్చు. కార్పొరేట్ కాలేజీల నుంచి వచ్చి అంగ్రేజీలో పరిగెత్తే పిల్లలకు కితాబు అంతగా అక్కర్లేదేమో. మనవాళ్ళకు ఇంకొంతకాలం కావాలి.

ఇప్పుడు పైసల లెక్కకు వద్దాం. అమీర్‌పేటలో కోచింగ్ అంటే మన అబ్బాలు ఇరవై ముప్పై వేలు ఎక్కడైనా అప్పు చేసి తెస్తారు. మైత్రీవనం చుట్టూ గోడల నిండా కొత్త బ్యాచ్‌ల పోస్టర్లే. అక్కడ జిరాక్స్ చేసిన నోట్సు చేతిలో పెడతారు, అందులో ఉన్నదంతా నిన్నటి "ఎలా చేయాలి"యే. నేను కోచింగ్‌ను పూర్తిగా కొట్టిపారేయడం లేదు. నౌకరీ దొరికే దారులు, ఇంటర్వ్యూ ధోరణి, దోస్తులు అక్కడ దొరుకుతారు. కాని ముప్పై వేలకు సరే అన్న అబ్బా, మూడు కితాబులకు కలిపి మూడు వేలు అనగానే "నెట్‌లో లేదా?" అంటాడు చూశారా, అదే నాకు కొరుకుడుపడదు.

నెట్‌లో ఉన్నవి ఉన్నాయి, నిజంగానే ఉన్నాయి. ముందు అక్కడినుంచే మొదలుపెట్టించండి. గిట్ నేర్పే 'ప్రో గిట్'ను రాసినవాళ్ళే ముఫ్త్‌గా పెట్టారు. ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మియాబీవీ ఇద్దరూ కలిసి రాసిన 'త్రీ ఈజీ పీసెస్' మొత్తం వాళ్ళ సైట్‌లోనే దొరుకుతుంది. రస్ట్ భాషకు అధికారిక కితాబు కూడా అంతే. మన ఐఐటీల పాఠాలు ఎన్‌పీటెల్‌లో వింటే పైసా ఖర్చు లేదు. నేను పిల్లలకు చెప్పే షరతు ఒకటే. స్క్రీన్ మీద 30 సఫాలు చదివి, పక్కన కంప్యూటర్ తెరిచి అందులోని అభ్యాసాలు చేసి చూపించండి. ఆ తర్వాత కాగితం మీద కావాలంటే కొందాం. ఈ షరతుతో కోరికల లిస్టులు సగానికి పైగా తగ్గిపోయాయి. నాకు కనిపించినంతలో కొనడం ఒక మర్జ్‌లా పట్టినవాళ్ళూ ఉన్నారు. కార్మెన్ 'అల్గారిదమ్స్' వెయ్యి సఫాలు దాటిన కితాబు, అల్మారాలో దర్జాగా ఉంటుంది, ప్లాస్టిక్ కవర్ ఇంకా చిరగదు. అలాంటివాడికంటే ఒక్క సఫా కూడా కొనకుండా రోజూ కోడ్ రాసేవాడు వందరెట్లు నయం.

టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరికే దొంగ పిడిఎఫ్‌ల గురించి కూడా అడుగుతుంటారు. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. మెహనత్ ఒకరిది, ముఫ్త్ మనది అయితే మనసుకు ఎలా ఉంటుందో ఎవరికి వాళ్ళు చూసుకోవాలి. నేను కళ్ళారా చూసింది మాత్రం చెబుతాను. ఫోన్‌లో రెండు వందల పిడిఎఫ్‌లు నింపుకున్నవాళ్ళలో ఒక్కటైనా ఆఖరి సఫా దాకా చదివినవాడు నాకు తగల్లేదు. నౌకరీలో ఉన్నవాళ్ళయితే ముందు కంపెనీని అడగండి. కితాబులకు పైసలు ఇచ్చే కంపెనీలున్నాయి, ఒరైలీ ఆన్‌లైన్ చందా కట్టేవీ ఉన్నాయి. అడగడానికి మనవాళ్ళకు ఎందుకంత షరమో!

మా గల్లీలో ఒక బేటీ ఉంది. బీటెక్ చేసింది, షాదీ అయింది, ఇద్దరు పిల్లలు. ఆరేళ్ళు పని మానేసి ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటోంది. సాయంత్రం బ్యాచ్‌కు అమీర్‌పేట వెళ్ళిరావడం ఆమె ఇంట్లో కుదరదు. పిల్లలు పడుకున్నాక ఇషా తర్వాత గంటో గంటన్నరో దొరుకుతుంది, అప్పటికి వీడియోలు చూస్తే నిద్రొచ్చేస్తుందట. డేటాబేసుల మీద ఒకటి, సిస్టమ్స్ మీద ఒకటి, రెండే కితాబులు తెప్పించుకుంది. మియాఁ మొదట మూతి ముడిచాడట, ఇప్పుడు ఆ గంటసేపు టీవీ కట్టేస్తున్నాడు. ఎనిమిది నెలలైంది. రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మూడోదానికి పిలిచారు. కితాబుల వల్లే నౌకరీ వస్తుందని నేను హామీ ఇవ్వలేను. కాని ఆమె మజ్బూరీలో ఇంతకంటే సస్తా మదర్సా ఇంకేది ఉందో ఎవరైనా చెబితే వింటాను.

ఇలాంటి కితాబులు ఒక ఇల్లు ఒంటరిగా కొనాల్సిన పని కూడా లేదు. నాలుగు ఇళ్ళు కలిస్తే ఏడాదికి నాలుగు కితాబులవుతాయి. ఏవి కొనాలో మాత్రం నాలాంటివాళ్ళను అడగకండి, పదేళ్ళుగా ఆ పనిలో ఉన్న పిల్లలిద్దరిని కూర్చోబెట్టి తేల్చండి. పేరులో ఏదైనా వర్షన్ అంకె ఉంటే వద్దనమనండి. "21 రోజుల్లో" అని ఉంటే చేతిలోకి కూడా తీసుకోవద్దనండి. కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత కాపీలు సగం ధరకే దొరుకుతాయి. బేరం మొదలుపెట్టే ముందు మొదటి సఫా తిప్పి ఏ ఎడిషన్, ఏ సంవత్సరం అని చూసుకోండి. హాషియాలో ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న కాపీ దొరికితే ఇంకో యాభై ఎక్కువైనా ఇచ్చి తెచ్చుకోండి.